ఓవెన్‌లో పెరుగు చికెన్: నీళ్లు ఊరకుండా, పీచు కట్టకుండా చేయడం ఎలా?

"పెద్దమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాను. కానీ ఇది కాల్చిన చికెన్ కాదు, చికెన్ పులుసు" అంటూ మా చెల్లెలి కూతురు డాలస్ నుంచి ఫోటో పంపింది. ట్రేలో నాలుగు లెగ్ పీసులు పసుప్పచ్చ నీళ్లలో సగం మునిగి ఉన్నాయి. పెరుగు విరిగి, తెల్లటి పలుకులుగా చుట్టూ తేలుతోంది. మసాలా అంతా నీళ్లలోకి దిగిపోయి, ముక్కలు మాత్రం ఉడకబెట్టినట్టు పాలిపోయి ఉన్నాయి.

ఇలాంటి ఫోటోలు నాకు కొత్త కాదు. ఇంట్లోకి కొత్తగా ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) వచ్చిన నెల రోజుల్లో చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అడిగేవి అవే ప్రశ్నలు. నీళ్లెందుకు ఊరుతున్నాయి? పైన మాడిపోయి లోపల పచ్చిగా ఎందుకుంది? హోటల్లోలాగా మెత్తగా ఎందుకు రావట్లేదు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మెత్తదనం మసాలాలో లేదు. పెరుగులోని నీళ్లు తీసేయడంలో కొంత, ఓవెన్‌ని సమయానికి కట్టేయడంలో చాలా ఉంది. ఈ రెండూ కుదిరితే కారం, గరం మసాలా కాస్త అటూ ఇటూ అయినా పీసు బాగానే వస్తుంది. ఈ రెండూ చెడితే ఎంత ఖరీదైన మసాలా వేసినా కాపాడలేదు.

ఏమేం కావాలి

ఇది నలుగురికి, ఒక కిలో లెక్క.

- ఫుల్ లెగ్ పీసులు: 4 (తొడ, కాలు కలిసి ఉన్నవి, కిలోకి నాలుగు తూగుతాయి)
- గడ్డ పెరుగు: అర కిలో (వడకట్టాక 200 నుంచి 250 గ్రాములు మిగులుతుంది)
- ఉప్పు: 2 టీస్పూన్లు, తలకొట్టి (12 గ్రాముల దాకా)
- నిమ్మరసం: అర చెక్కది
- అల్లం వెల్లుల్లి ముద్ద: ఒకటిన్నర టేబుల్‌స్పూను, ఇంట్లో నూరినది
- కశ్మీరీ కారం: 2 టీస్పూన్లు, రంగు కోసం
- మామూలు కారం: 1 టీస్పూను (గుంటూరు కారమైతే ముప్పావు చాలు)
- పసుపు: అర టీస్పూను
- ధనియాల పొడి: 2 టీస్పూన్లు
- వేయించిన జీలకర్ర పొడి: 1 టీస్పూను
- గరం మసాలా: 1 టీస్పూను
- కసూరీ మేతి: చిటికెడు ఎక్కువే, అరచేతిలో నలిపి
- శనగపిండి: 1 టేబుల్‌స్పూను, పచ్చి వాసన పోయేదాకా దోరగా వేయించినది
- నూనె: 2 టేబుల్‌స్పూన్లు (వేరుశనగ నూనె బాగుంటుంది, ఆవ నూనె వాసన పడేవాళ్లు అది వాడుకోవచ్చు)
- చివర్లో పూయడానికి కరిగించిన వెన్న లేదా నెయ్యి: 1 టేబుల్‌స్పూను

సామాన్లలో ఓవెన్, వైర్ ర్యాక్, దాని కింద పట్టే ట్రే, పలుచటి నూలు గుడ్డ ఉండాలి. వీలైతే మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ కూడా కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండు మూడు బిర్యానీ పార్శిళ్ల ఖరీదు. ఓవెన్‌తో పాటు కొనాల్సిన మొదటి వస్తువు ఇదేనని నా అభిప్రాయం. జనం మాత్రం దీన్ని వదిలేసి కేక్ అచ్చులు కొంటారు.

ఫుడ్ కలర్ రాయలేదు, గమనించే ఉంటారు. అవసరం లేదు. కశ్మీరీ కారం నూనెలో కలిస్తే రంగు తానే వస్తుంది.

చేసే పద్ధతి

1. షాపులో సరిగ్గా అడగండి

"కిలో చికెన్" అంటే కూర ముక్కలు కొట్టి ఇస్తాడు. అవి ఓవెన్‌కి పనికిరావు. ఒక ముక్క వేలంత, ఒక ముక్క పిడికిలంత ఉంటే చిన్నది ఎండిపోయేసరికి పెద్దది ఇంకా ఉడుకుతూ ఉంటుంది. "ఫుల్ లెగ్గులు నాలుగు, స్కిన్ తీసి, కొట్టకుండా" అని అడగండి.

బ్రెస్ట్ పీసుకన్నా లెగ్ పీసే ఎందుకంటే, తొడ మాంసంలో కొవ్వు ఎక్కువ. నాలుగైదు నిమిషాలు ఎక్కువ కాలినా తట్టుకుంటుంది. బ్రెస్ట్‌కి ఆ ఓర్పు లేదు, రెండు నిమిషాలు దాటితే నారలు నారలుగా అవుతుంది. మొదటిసారి చేసేవాళ్లు బోన్‌లెస్ జోలికి పోకండి.

నాటు కోడి అసలే వద్దు. దాని కండ గట్టిది. పులుసులో గంటసేపు ఉడికితేనే లొంగుతుంది. ఓవెన్ పొడి వేడికి ఇంకా బిగుసుకుంటుంది.

2. పెరుగు మూట కట్టండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పై ఫోటోలోని నీళ్లలో ఎక్కువ భాగం ఇక్కడివే.

పలుచటి గుడ్డలో అర కిలో పెరుగు వేసి, నాలుగు కొసలూ కలిపి ముడేసి, కుళాయికో గరిటెకో వేలాడదీయండి. కింద గిన్నె పెట్టండి. మొదటి అరగంట చుక్కలు గబగబా పడతాయి, తర్వాత నెమ్మదిస్తాయి. మూడు గంటలకు మూట సగానికి తగ్గుతుంది. ఎండాకాలమైతే బయట వేలాడదీయకండి, పులిసిపోతుంది. జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు వేసి, కింద గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి పెడితే పొద్దుటికి తయారు.

సరిగ్గా వడిందా లేదా ఇలా చూడండి. ఒక స్పూనుతో తీసి బోర్లించండి. జారిపోకుండా స్పూనుకే అంటుకుని ఉంటే చాలు. కారుతుంటే ఇంకో గంట.

హోటల్ వాళ్లు ఇంత పట్టించుకోకపోయినా నడుస్తుంది. ఎందుకంటే తందూర్ వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది, పెరుగులోని తడి క్షణాల్లో ఆవిరైపోతుంది. మన ఓటీజీ గట్టిగా తిప్పినా 230, 250 దగ్గర ఆగిపోతుంది. తడి ఆవిరయ్యేలోపు ముక్క ఆ తడిలోనే ఉడికిపోతుంది.

గిన్నెలో పడిన తేటను పారబోయకండి. చపాతీ పిండి తడపడానికి నీళ్లకు బదులు వాడండి, రొట్టెలు మెత్తగా వస్తాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఈ మెట్టే లేదు. గ్రీక్ యోగర్ట్ అంటే వడకట్టిన పెరుగే. చక్కెర, వెనీలా కలపనిది, పూర్తి కొవ్వుతో ఉన్నది తీసుకోండి. ఫోటో పంపిన మా డాలస్ అమ్మాయి కొవ్వు తీసేసిన పెరుగు వాడింది. కొవ్వు తక్కువైతే పెరుగు వేడికి తొందరగా విరుగుతుంది. ఆ తెల్ల పలుకులు అందుకే వచ్చాయి.

పెరుగు మరీ పుల్లగా ఉంటే నిమ్మరసం మానేయండి. రెండూ కలిస్తే పులుపు ఎక్కువై, పైన మాంసం సుద్దలా తయారవుతుంది.

3. కడగడం, ఆరబెట్టడం, గాట్లు పెట్టడం

పచ్చి చికెన్‌ను కడగొద్దని అమెరికా వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతోంది. చిందిన నీళ్లతో సాల్మొనెల్లా లాంటి క్రిములు సింకు అంతా, పక్కనున్న గిన్నెల మీదా పడతాయని వాళ్ల వాదన. మాటలో నిజముంది. కానీ మన షాపు చికెన్ మీద రక్తం, ఈకల ముక్కలు ఉంటాయి, కడగకుండా వండటానికి చేతులు రావు. కడగాలనుకుంటే కుళాయి ధార కింద పెట్టకుండా, గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ తర్వాత సింకు, చేతులు సబ్బుతో తోముకోండి.

కడిగాక చేయాల్సింది మాత్రం తప్పించుకోవద్దు. ముక్కల్ని పూర్తిగా తుడవాలి. జల్లెడలో పావుగంట వంపి, తర్వాత పేపర్ నాప్‌కిన్‌తోనో, ఇక దేనికీ వాడని పాత నూలు గుడ్డతోనో ఒత్తి ఒత్తి తుడవండి. ముక్కను వేలితో తాకితే జారకుండా కాస్త జిగురుగా తగలాలి.

ఇప్పుడు గాట్లు. ఒక్కో లెగ్‌కి తొడ మీద మూడు, కాలి మీద రెండు. కత్తి ఎముకకు తగిలేదాకా దిగాలి. పైపైన గీతలు పెడితే మసాలా చర్మం తీసిన పొర దగ్గరే ఆగిపోతుంది, కొరికితే లోపల చప్పగా ఉంటుంది. తొడ, కాలు కలిసే కీలు దగ్గర లోపలి వైపు ఇంకో గాటు పెట్టండి. అన్నిటికన్నా ఆలస్యంగా ఉడికేది అక్కడే.

4. మొదటి పూత: ఉప్పు, నిమ్మరసం, కారం

పెరుగు ఇప్పుడే కలపకండి. ఉప్పు, నిమ్మరసం, పసుపు, మామూలు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద ముందు కలిపి, ముక్కలకు పట్టించండి. గాట్లలోకి వేలు పెట్టి మరీ రుద్దాలి. అరగంట వదిలేయండి.

ఉప్పు కండలోకి దిగితే ఉడికేటప్పుడు మాంసం తన నీటిని పట్టి ఉంచుకుంటుంది. పెరుగుతో పాటే ఉప్పు వేస్తే అందులో చాలా భాగం పెరుగులోనే ఉండిపోతుంది. ఇంతకు మించిన సిద్ధాంతం మీకు అక్కర్లేదు.

అరగంటకు గిన్నె అడుగున ఎర్రటి నీళ్లు ఊరుతాయి. అవి వంపేయండి. "మసాలా పోతుందే" అని బాధపడొద్దు, పోయేది కొంచెమే. ఉంచితే మళ్లీ పెరుగు పలుచనవుతుంది.

5. రెండో పూత: పెరుగు

వెడల్పాటి గిన్నెలో ముందు నూనె, కశ్మీరీ కారం కలపండి. నూనె ఎర్రబడ్డాక వడకట్టిన పెరుగు, వేయించిన శనగపిండి, ధనియాల పొడి, జీలకర్ర పొడి, గరం మసాలా, కసూరీ మేతి వేసి, ఉండలు లేకుండా గరిటెతో బాగా గిలక్కొట్టండి. బజ్జీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. పలుచగా ఉంటే ఇంకో స్పూను శనగపిండి కలపొచ్చు. అంతకు మించితే పకోడీ రుచి వస్తుంది.

ముక్కలకు మందంగా పట్టించండి. ముక్కను ఎత్తితే మసాలా ముద్దగా అంటుకుని ఉండాలి, దారలా కారకూడదు.

అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు వాడకండి. పులుపుకి లోహం రుచి దిగుతుంది. స్టీలు, గాజు, పింగాణీ ఏదైనా ఫరవాలేదు.

పచ్చి బొప్పాయి సంగతి చాలామంది అడుగుతారు. మటన్‌కి సరే, బ్రాయిలర్‌కి అవసరం లేదు. ఒకసారి అతిథులొస్తున్నారని, ఇంకా మెత్తగా రావాలని రెండు టేబుల్‌స్పూన్ల పచ్చి బొప్పాయి ముద్ద కలిపి రాత్రంతా ఉంచాను. మర్నాడు పట్టకారుతో పీసు ఎత్తితే ఎముక చేతికొచ్చింది, మాంసం ర్యాక్ మీదే ఉండిపోయింది. ముట్టుకుంటే తడిసిన గారెల పిండిలా ఉంది. బొప్పాయిలోని ఎంజైము కండను అరిగించేస్తుంది, ఎంతసేపు ఉంచితే అంత. ఆ రోజు అందరికీ ఆమ్లెట్లు వేశాను.

6. ఊరనివ్వండి

ఫ్రిజ్‌లో, మూత పెట్టి, కింది అరలో. పైన పెడితే రసం కారి కూరగాయల మీద పడొచ్చు. కనీసం నాలుగు గంటలు. ఆరు నుంచి పన్నెండు గంటలు బాగా కుదురుతుంది. 24 గంటలు దాటించకండి, పైపొర పిండిలా అవుతుంది.

బయట ఊరబెట్టడం వద్దు. "మా అమ్మ ఎప్పుడూ గట్టు మీదే పెట్టేది" అనొచ్చు. ఆవిడ గంటలో పొయ్యి మీదకి ఎక్కించేసేది కూడా. పచ్చి చికెన్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటే. బెజవాడలో మే నెలంటే మీకు చెప్పక్కర్లేదు.

టైం లేకపోతే రెండో పూత తర్వాత గంట చాలు. గాట్లు లోతుగా పెట్టి, అల్లం వెల్లుల్లి అర స్పూను పెంచండి. రుచి కొంచెం పైపైన ఉంటుంది, మెత్తదనానికి లోటుండదు.

7. ఓవెన్ వేడి చేయండి

కాల్చడానికి 20 నిమిషాల ముందు చికెన్‌ను ఫ్రిజ్ నుంచి తీయండి. అదే సమయానికి ఓవెన్‌ని 220 డిగ్రీల సెల్సియస్‌లో పైన, కింద రెండు రాడ్లూ వెలిగేలా పెట్టండి. ఫ్యాన్ ఉంటే అది కూడా. కనీసం పావుగంట.

ప్రీహీట్ చేయకుండా పెట్టడం రెండో పెద్ద తప్పు. ఓవెన్ నెమ్మదిగా వేడెక్కుతుంటే ముక్కలోంచి నీళ్లు నెమ్మదిగా దిగుతాయి. మళ్లీ ఆ పులుసే.

ఓటీజీని లావు పిన్నుల ప్లగ్ పట్టే 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి, దానికే మిక్సీ కూడా పెట్టేవాళ్లను చూశాను. వైరు వేడెక్కి కరిగిపోతుంది.

8. ర్యాక్ మీద సర్దండి

కింద ట్రేలో అల్యూమినియం ఫాయిల్ పరచండి, కడిగే పని తప్పుతుంది. దాని పైన వైర్ ర్యాక్, ర్యాక్‌కి నూనె రాసి ముక్కలు. ముక్కకీ ముక్కకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. తొడ భాగం ఓవెన్ లోపలి వైపు, కాలి కొస తలుపు వైపు పెట్టండి. చాలా ఓవెన్లలో లోపలి వైపు వేడి ఎక్కువ.

నాలుగు పీసులు పట్టకపోతే రెండేసి కాల్చండి. ఇరికించొద్దు. ఒకదాన్నొకటి తాకిన చోట ఆవిరి నిలిచి తెల్లగా ఉండిపోతుంది.

ర్యాక్ లేకపోతే? ట్రేలో లావుగా తరిగిన ఉల్లిపాయ చక్రాలు పరిచి వాటి మీద పెట్టండి. ఉల్లిపాయలు కూడా రుచిగా కాలుతాయి.

ట్రేని ఓవెన్ మధ్య అరలో పెట్టండి. పై అరలో పెడితే మసాలా మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

9. కాల్చండి

వేడి 200కి తగ్గించి 20 నిమిషాలు పెట్టండి. ఈలోపు తలుపు తీసి చూడొద్దు. తీసిన ప్రతిసారీ వేడి బాగా పడిపోతుంది.

20 నిమిషాలకు పట్టకారుతో తిప్పండి. మసాలా ర్యాక్‌కి అంటుకుని రాకపోతే బలవంతం చేయకుండా ఇంకో మూడు నిమిషాలు ఆగండి, పొర గట్టిపడితే తానే వదులుతుంది. తిప్పాక కరిగించిన వెన్న సగం పూసి, మరో 15 నిమిషాలు.

తర్వాత మళ్లీ తిప్పి, మిగిలిన వెన్న పూసి, పై రాడ్ ఒక్కటే వెలిగించి 230 దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలు. ఇక్కడ ఫోన్ చూడకండి. అంచులు నల్లబడటం మొదలైతే బొగ్గు కావడానికి నిమిషం చాలు. అక్కడక్కడ నల్ల మచ్చలు రావాలి, అంతే.

మొత్తం సుమారు 40 నిమిషాలు. ఫారెన్‌హీట్ ఓవెన్ ఉన్నవాళ్లకు 220 అంటే సుమారు 425, 200 అంటే 400 అన్నమాట.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది

ఇది విడిగా చెప్పాలి. ఎక్కువ మంది చికెన్ పాడుచేసేది భయంతోనే. "పచ్చిగా ఉంటే?" అని టెన్షన్ పడి ఇంకో పదిహేను నిమిషాలు పెడతారు. అప్పటిదాకా మెత్తగా ఉన్నది ఆ పదిహేను నిమిషాల్లోనే పీచవుతుంది.

థర్మామీటర్ ఉంటే తొడలో అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చండి. ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. 74 డిగ్రీల సెల్సియస్ వస్తే తినడానికి భయం లేదు. కానీ తొడకి 80 నుంచి 85 దాకా పోనిస్తే కీలు దగ్గరి నరాలు కూడా కరిగి ఇంకా బాగుంటుంది. బ్రెస్ట్ పీసైతే 74 దగ్గరే ఆపేయాలి.

థర్మామీటర్ లేకపోతే ఒక్క గుర్తును నమ్ముకోకుండా ఈ మూడూ చూడండి.

కీలు దగ్గర సన్నటి కత్తి గుచ్చి తీయండి. వచ్చే రసం తేటగా ఉండాలి, ఎర్రగా ఉండకూడదు. కత్తి కొసను మణికట్టు లోపలి వైపు తాకించండి, చురుక్కుమనాలి. గోరువెచ్చగా ఉంటే లోపలికి వేడి అందలేదు.

కాలి ఎముక కొస పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. ఉడికితే కీలు వదులుగా కదులుతుంది. బిగుసుకుని ఉంటే ఇంకో ఐదు నిమిషాలు.

కాలి కొస దగ్గర మాంసం ఎముక నుంచి పైకి జరిగి, అర అంగుళం ఎముక బయటకు కనబడాలి.

ఎముక పక్కన కాస్త ఎరుపు కనబడితే పచ్చిదని కంగారు పడొద్దు. బ్రాయిలర్ లేత కోడి కాబట్టి ఎముకల్లోని మూలుగ రంగు పక్క మాంసంలోకి దిగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన చికెన్‌లో ఇది ఇంకా ఎక్కువ. వేడి సరిపోయి, మాంసం జెల్లీలా కాకుండా విడివిడిగా ఊడుతుంటే అది ఉడికినట్టే.

కట్టేశాక వెంటనే కొయ్యకండి. ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పళ్లెంలో వదిలేయండి. వెంటనే కోస్తే రసం పళ్లెంలోకి పోతుంది. మూత గట్టిగా పెట్టొద్దు, పైపొర చెమ్మగిల్లుతుంది. ఈ ఐదు నిమిషాల్లో ఉల్లిపాయలు తరుక్కోండి.

తేడా వస్తే ఎక్కడ వచ్చినట్టు?

ట్రే నిండా నీళ్లు: పెరుగు వడకట్టలేదు, ముక్కలు తుడవలేదు, లేదా ఓవెన్ ముందు వేడి చేయలేదు. ఇప్పటికే జరిగిపోయి ఉంటే ముక్కలు పక్కకు తీసి, నీళ్లు వేరే గిన్నెలోకి వంపి, వేడి 230కి పెంచి మళ్లీ పెట్టండి. ముప్పావు వంతు నయమవుతుంది. రెండు మూడు స్పూన్ల రసం కారడం మాత్రం మామూలే.

పైన మాడి లోపల పచ్చి: ట్రే పైకి పెట్టారు, లేదా చికెన్ ఫ్రీజర్ నుంచి సరిగ్గా కరగలేదు. ఫ్రీజర్ చికెన్‌ను ముందు రోజే ఫ్రిజ్ కింది అరలోకి దించి ఉంచాలి. జరిగిపోతే పైన ఫాయిల్ కప్పి 180లో పది నిమిషాలు.

మసాలా ఊడిపోవడం: ముక్క తడిగా ఉండగా పూశారు, లేదా శనగపిండి వేయలేదు.

చప్పగా ఉండటం: గాట్లు పైపైన పెట్టారు. ఉప్పు సరిపోయిందో లేదో ముందే తెలుసుకోవాలంటే పచ్చి మసాలా నాలుక మీద పెట్టుకోకండి. చికెన్ తగిలిన మసాలా అది. అర స్పూను పెనం మీద వేయించి రుచి చూడండి.

అన్నీ చెప్పినట్టే చేసినా ప్రతిసారీ ఎండిపోతోందా? మీ ఓవెన్ అబద్ధం చెబుతోంది. ఓటీజీల డయల్ మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉండాలని లేదు. నా పాతదానికి 20 డిగ్రీల తేడా ఉండేది, చాలాకాలం నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్‌తో ఒకసారి చూసుకుని, తేడా ఎంతో కాగితం మీద రాసి ఓవెన్‌కి అంటించుకోండి.

ఓటీజీ లేనివాళ్లకు

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లోనూ ఇదే పద్ధతి, కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే. మైక్రో మోడ్ కలిసిన కాంబినేషన్ వద్దు. ఫాయిల్, లోహపు ట్రేలు మైక్రో మోడ్‌లో నిప్పురవ్వలు రేపుతాయి, మాంసమూ రబ్బరులా సాగుతుంది.

ఎయిర్ ఫ్రైయర్‌లో 180 డిగ్రీల్లో, పైన చెప్పిన ఉడికిన గుర్తులు కనబడేదాకా కాల్చండి, మధ్యలో ఒకసారి తిప్పాలి. బుట్టలో రెండు లెగ్గులకు మించి పెట్టకండి. నిజం చెప్పాలంటే ఇద్దరికే అయితే ఓటీజీ కన్నా ఇదే నయం.

ఏదీ లేకపోతే మందపాటి మూకుడులో రెండు స్పూన్ల నూనె వేసి, సన్నటి సెగ మీద మూతపెట్టి ఒక్కో వైపు పన్నెండు నిమిషాలు. తర్వాత మూత తీసి, సెగ పెంచి తడి ఇగిరిపోనివ్వండి. చివర్లో ఒక కొబ్బరి చిప్ప ముక్కను గ్యాస్ మీద కాల్చి, నిప్పు కాగానే చిన్న స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మూకుడు మధ్యలో పెట్టి, నిప్పు మీద అర స్పూను నెయ్యి వేసి మూత పెట్టేయండి. మూడు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే పొగ చేదెక్కుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి. ఓవెన్‌లో చేసినవాళ్లు కూడా పొగ వాసన కావాలంటే పెద్ద గిన్నెలో ముక్కలు పెట్టి ఇదే చేయొచ్చు.

పచ్చి చికెన్ ఊరిన మసాలా గిన్నెలో మిగిలితే దాన్ని చట్నీలా పక్కన పెట్టుకోకండి. వాడాలనుకుంటే ఉల్లిపాయ, టమాటాతో కలిపి కుతకుత ఉడికించి కూర చేసుకోండి.

మిగిలిన పీసులు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి. మళ్లీ వేడి చేసేటప్పుడు నాలుగు చుక్కల నీళ్లు చల్లి, ఫాయిల్ చుట్టి 160లో పది పన్నెండు నిమిషాలు పెట్టి, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేయండి. ఇక ట్రే అడుగున ఫాయిల్ మీద రెండు మూడు స్పూన్ల ఎర్రటి రసం, కాస్త అంటుకున్న మసాలా ఉంటాయి చూడండి, దాన్ని కడిగేయొద్దు. మా ఇంట్లో ఆ ట్రేలో ముందు వేడన్నం వేసి కలుపుతాం. పీసుల కోసం కాదు, దానికోసమే పోటీ.